నాలుగో వంతు బీరు

"ఇరవైని నాలుగుతో భాగిస్తే ఐదు. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?" అన్నాడు మా ఆయన.

నిజమే, లెక్కలో తప్పు లేదు. మా ఆయన మెంగ్ గీజు జన్మలో ఎప్పుడూ భాగహారం తప్పు చెయ్యలేదు. తక్కినవన్నీ చేశాడు.

ఓడలు కట్టే కంపెనీలో ప్లానింగ్ విభాగానికి మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. కంపెనీ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన మేనేజరు ఉద్యోగాన్ని వదల్లేదు. దాన్ని మోసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. సోఫాలో కూర్చుని నేను ముల్లంగి తరిగే తీరులో లోపాలు చెప్పేవాడు. బట్టలు ఆరేసే వరస మార్చమన్నాడు. కిమ్చీ పచ్చడి డబ్బాలన్నిటికీ తేదీలు అంటించి, మర్నాడే మూతలు తారుమారు చేసి పెట్టాడు. మూడు పూటలా వేడన్నం, వేడి చారు ఉండాలి. కాస్త బయటికి వెళ్ళి గాలి పీల్చుకుని రండి అంటే యంగ్దో వంతెన దాకా నడిచి వెళ్ళి, అక్కడ రంగులు వేస్తున్నవాళ్ళకు రంగులు వెయ్యడం ఎలాగో చెప్పి వచ్చేవాడు.

అందుకే, రేవు వెనక సందులో ఎవరికి వాళ్ళు బీరు కాచుకునే వర్క్‌షాపు ఒకటి ఉందని తెలియగానే నేనే పోరుపెట్టి చేర్పించాను. ఆయన బీరు మీద ప్రేమతో కాదు. శనివారం పూట నా ఇల్లు నాకు దక్కుతుందని.

అక్కడ ఆయనకు నలుగురి జట్టు దొరికింది. పళ్ళ సెట్లు తయారుచేసే ఛే ఉన్‌సల్ అనే అమ్మాయి, ఒక బస్సు డ్రైవరు, ఒక చర్చి పియానో టీచరు, మా ఆయన. ఇరవై లీటర్ల బీరు దిగే పెద్ద స్టీలు పాత్రలో కలిసి కాచేవాళ్ళు. మాల్ట్ అంటే మొలకెత్తించి వేయించిన బార్లీ. దాన్ని పిండి చెయ్యడం బస్సు డ్రైవరు పని. కషాయం వడకట్టి మరగబెట్టడం, చేదు కోసం హాప్స్ పువ్వులు వెయ్యడం ఉన్‌సల్ పని. పాత్రలు కడగడం పియానో టీచరు పని. మా ఆయన చేతిలో గడియారం పట్టుకుని, "ఇప్పుడు వెయ్యండి", "ఇప్పుడు దించండి" అనేవాడు. ఈ సంగతి ఆయన చెప్పలేదు. ఒకరోజు మర్చిపోయిన గొడుగు ఇవ్వడానికి వెళ్ళి నా కళ్ళతో నేనే చూశాను.

ఆ నల్ల బీరు బాగుండేది. అది మాత్రం కాదనను. కాల్చిన చెస్ట్‌నట్ గింజల వాసన వేసేది. ఊళ్ళో బీరు కాచేవాళ్ళందరూ కలిసి తాగి చూసే రోజున దానికి బాగా చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడగానే మా ఆయనకు కాళ్ళు నేల మీద నిలవలేదు. సీసాల మీద అంటించే కాగితంపై 'మేనేజర్ మెంగ్ నల్ల బీరు' అని వెయ్యాలన్నాడు.

"మెంగ్ గారూ, మీరు గడియారం చూశారు. పోనీ గడియారం పేరు కూడా వేద్దామా?" అందట ఉన్‌సల్.

తక్కిన ఇద్దరూ నవ్వారు. మా ఆయన ఆ రాత్రి అన్నం తినకుండా కూర్చుని రాజీనామా రాశాడు. నలుగురున్న జట్టుకి, శనివారం పూట బీరు కాచే జట్టుకి, తేదీ వేసి, ముద్ర వేసి రాజీనామా ఇచ్చినవాడు ఈ దేశం మొత్తానికి నా మొగుడొక్కడే అయ్యుంటాడు.

"ఆ కొలతలన్నీ నాకు తెలుసు. మనింట్లోనే కాస్తాను. వచ్చే నెల సా డైరెక్టర్ గారు మన బూసాన్ వస్తున్నారు, కూతురింటికి. ఆదివారం మనింట్లో భోజనానికి పిలిచాను. ఆయనకు నా బీరు రుచి చూపిస్తాను" అన్నాడు.

సా డైరెక్టర్ పేరు వినగానే నా చేతుల్లో ఉప్పు మండింది. ఆయన కింద మా ఆయన పద్నాలుగేళ్ళు పనిచేశాడు. ఆ రోజుల్లో చలికాలం రాగానే మేనేజర్ల పెళ్ళాలమందరం డైరెక్టర్ గారింటికి వెళ్ళి, వాళ్ళ వాకిట్లో గొంతుక్కూర్చుని, వాళ్ళ క్యాబేజీలకు ఉప్పు పట్టించి, కారం పూసి, వాళ్ళ ఏడాది కిమ్చీ పెట్టి వచ్చేవాళ్ళం. డైరెక్టర్ గారి భార్య అద్దాల తలుపు వెనక వెచ్చగా కూర్చుని కాఫీ తాగేది. మా ఆయనైతే వాళ్ళ కుక్కను కూడా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇంట్లో అంత పెద్ద పాత్ర ఎక్కడుంది?" అన్నాను.

"నీ ఎముకల చారు పాత్ర ఉంది కదా దహే అమ్మా. అందులో ఐదు లీటర్లు దించుతాను. అన్నీ నాలుగో వంతు వేస్తే సరి."

దహే మా అమ్మాయి. సియోల్‌లో ఉంటుంది. ఫోన్‌లో సంగతి చెబితే, "అమ్మా, నాన్నను చెయ్యనివ్వు, కనీసం ఆ రోజు నీ ముల్లంగి జోలికి రారు" అంది. కాబట్టి ఊరుకున్నాను.

కాచే రోజు పొద్దున్నే ఆయన టై ఒక్కటి తక్కువగా ముస్తాబై వంటింట్లోకి వచ్చాడు. బార్లీ నాలుగో వంతు తూచాడు. హాప్స్ నాలుగో వంతు తూచాడు. నీళ్ళు నాలుగో వంతు కొలిచాడు. ఈస్ట్ పొట్లం చింపి, బల్ల మీద పోసి, కత్తితో నాలుగు కుప్పలు చేసి, ఒక కుప్ప ఉంచుకుని తక్కిన మూడూ కాగితంలో మడిచి దాచాడు. ఆస్తులు పంచే పెద్దమనిషిలా ఉన్నాడు.

"ఈస్ట్ కాస్త ఎక్కువ పడితే ఏమవుతుంది?" అన్నాను, ఏదో అడగాలని.

"ఏమవుతుందా? నిష్పత్తి పోతుంది" అన్నాడు. నిష్పత్తి అన్న మాట ఆయన నోట్లో బెల్లం ముక్కలా కరిగింది.

బార్లీ నానబెట్టి, వడకట్టి, ఆ కషాయం నా పాత్రలో పోసి పొయ్యి మీద పెట్టాడు. నా పాత్ర వెడల్పు మూతి పాత్ర. కింద మంట పూర్తిగా పెట్టాడు. వర్క్‌షాపులో గంటసేపు మరగబెట్టేవాళ్ళట, ఇక్కడా గంట. సమయాన్ని మాత్రం ఎందుకు భాగించలేదో నాకు తెలియదు. కిటికీ తీస్తే చలిగాలి, మూస్తే ఆవిరి. గోడల మీద నీళ్ళు కారాయి. గంట సగమయ్యేసరికి పాత్రలో కషాయం పైన ఉన్న గుర్తు నుంచి ఎంతో కిందికి దిగిపోయింది.

"ఏవండీ, అడుగంటేలా ఉంది. కాసిని నీళ్ళు పొయ్యనా?"

"ముట్టుకోకు! లెక్క ప్రకారం వేశాను."

"లెక్క ప్రకారమే ఆవిరైపోతోంది మరి."

"నువ్వు చారు కాచుకునే మనిషివి. ఇది వేరు. ఇది సైన్సు" అని నా చేతిలోని చెంబు లాక్కుని సింకులో పెట్టాడు.

సరే, నా చెంబు నాకు మిగిలింది. సైన్సు ఆయనకు మిగిలింది. చివరికి మడ్డి పోగా ఐదు లీటర్లు అనుకున్నది రెండున్నర లీటర్లు దిగింది. నల్లగా, చిక్కగా, గరిటె నుంచి జారడానికి బద్ధకించేలా ఉంది. ఆయన దానికేసి కాసేపు చూశాడు. ముఖం ఒక్క క్షణం వాడింది. ఇప్పుడైనా తప్పు ఒప్పుకుంటాడేమో అనుకున్నాను. మరుక్షణం భుజాలు సర్దుకున్నాడు.

"గాఢంగా వచ్చింది. ఇలాంటిదాన్ని పూర్వం రాజులకు కాచేవాళ్ళు" అన్నాడు.

చల్లార్చి, గాజు జాడీలో పోసి, ఆ చిటికెడు ఈస్ట్ చల్లి, బాల్కనీలో నా వెల్లుల్లి బుట్టల పక్కన పెట్టాడు. డిసెంబరు. బాల్కనీలో తడిగుడ్డ కర్రలా బిగుసుకుపోయే చలి. జాడీ మూతికి పెట్టిన గొట్టంలో రెండు రోజులు బుడగలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. వర్క్‌షాపులో అయితే పెద్ద డబ్బాలో వారం పైగా బుడబుడలాడుతూనే ఉండేదని ఆయనే ఇదివరకు చెప్పాడు. ఆ మాట గుర్తుచేశాను.

"అది ఇరవై లీటర్లు. ఇది తక్కువ. తక్కువ పని తొందరగా అవుతుంది కదా" అన్నాడు. ఇక్కడా భాగించాడన్నమాట.

నాకు చెంచాడు రుచి చూపించాడు. తియ్యగా ఉంది, ఆ తీపి వెనకాలే చేదు కత్తిలా వచ్చింది. మా అత్తగారు బతికున్నప్పుడు మోకాళ్ళకు తాగిన మూలికల కషాయం ఇలాగే ఉండేది.

"ఎలా ఉంది?"

"మీ అమ్మ గుర్తొచ్చింది."

"సోజు తాగీ తాగీ నీ నాలుక పాడైంది" అన్నాడు. నేను ఏడాదికి రెండుసార్లు ఆ సారా తాగుతాను. ఆ రెండుసార్లూ ఆయన వల్లే తాగుతాను.

సీసాల్లో నింపేటప్పుడు బీరు పొంగడానికి కాస్త పంచదార వెయ్యాలి. ఐదు లీటర్లకు ఎంత వెయ్యాలో ముందే లెక్క కట్టుకున్నాడు. దిగింది అందులో సగమే అయినా ఆ లెక్కే వేశాడు, వేసి మూతలు బిగించాడు. ఇక సీసాలు వెచ్చగా, చీకట్లో ఉండాలన్నాడు. ఇంట్లో వెచ్చని చీకటి ఎక్కడుందా అని వెతికి వెతికి, గుమ్మం దగ్గర చెప్పుల బీరువా కింది అరలో పెట్టాడు. నేలను వేడిచేసే గొట్టాలన్నీ ఆ గోడ వెనక నుంచే వెళతాయి. అక్కడ చెప్పు వేసుకుంటే పాదానికి కాపడం పెట్టినట్టుంటుంది.

ఆదివారం సా డైరెక్టర్ వచ్చాడు. భార్యకు ఒంట్లో బాగాలేదని ఒక్కడే వచ్చాడు. వయసు మీద పడ్డా కోటు నలగలేదు. మా ఆయన లిఫ్టు దగ్గరే నడుం వంచి నిలబడి, వంచిన నడుంతోనే లోపలికి వెనక్కి నడిచి వచ్చాడు. డైరెక్టర్ విప్పిన బూట్లు గుమ్మంలో ఉండకూడదట. రెండు చేతులతో ఎత్తి, తుడిచి, చెప్పుల బీరువాలో కింది అరలో పెట్టి తలుపు వేశాడు.

పొద్దున్నే జగల్చి బజారుకు వెళ్ళి తెచ్చిన చేపను కాల్చాను. ఎముకల చారు ఇంకో పాత్రలో కాచాను, ఎందుకంటే నా పాత్రకు హాప్స్ వాసన వదల్లేదు. డైరెక్టర్ తింటూ తన గోల్ఫ్ గురించి, తన అల్లుడి గురించి, తన గుండెకు వేసిన స్టెంట్ గురించి చెప్పాడు. మా ఆయన ప్రతిదానికీ "అవును సార్", "అదేంటి సార్", "ఆహా సార్" అన్నాడు. స్టెంట్‌కి కూడా ఆహా అన్నాడు.

"అన్నట్టు మెంగ్, నువ్వు ఇంజిన్ల వైపు చేసేవాడివి కదూ?" అన్నాడు డైరెక్టర్, చేప ముల్లు తీసుకుంటూ.

మా ఆయన చేతిలో చాప్‌స్టిక్స్ ఆగాయి. "కాదు సార్... అంటే, ప్లానింగ్ సార్. తమరి కిందే."

"అలాగా. చాలామంది ఉండేవాళ్ళులే" అన్నాడు ఆయన.

మా ఆయన చప్పున లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక సీసా తెచ్చాడు. "సార్, ఇది నా సొంత చేతులతో..." అంటూ మూత తీశాడు. మూత ఇంకా పూర్తిగా రాకముందే లోపలిది తన్నుకొచ్చింది. దీపం దాకా ఎగిరి, గోడ మీద, చేప మీద, డైరెక్టర్ కోటు చేతి మీద పడింది. మా ఆయన బొటనవేలితో మూతి నొక్కాడు. దాంతో అది పక్కలకు చిమ్మింది. చివరికి సీసా అడుగున మిగిలిందంతా నురగతో సహా ఒక గ్లాసులో పోసి, రెండు చేతులతో అందించాడు.

డైరెక్టర్ ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టి, నాప్‌కిన్‌తో నాలుక తుడుచుకున్నాడు. పెదాలు కాదు, నాలుక.

"మెంగ్, నీలాంటివాళ్ళు ప్లాన్లు వేసిన ఓడలు మునగకుండా ఎలా తేలాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే" అని పకపకా నవ్వాడు.

మా ఆయన కూడా నవ్వాడు.

ఆయన బుద్ధిహీనత నాకు తెలుసు. డాంబికం తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను, కొన్నిసార్లు పైకి కూడా. కానీ దీపం మీద నుంచి తన బీరే తన నెత్తి మీద బొట్లుగా పడుతుంటే, తనను వెధవను చేసినవాడితో కలిసి ఆయన నవ్విన ఆ నవ్వు ఉందే, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. ఈ మనిషిని వెధవ అనే హక్కు సంపాదించుకున్నదాన్ని నేను. మూడు పూటలా వేడన్నం వండి సంపాదించుకున్నాను. ఎవడో వచ్చి నా చేప తింటూ ఊరికే అనేస్తే ఎలా?

డైరెక్టర్ ముందున్న గ్లాసు తీసుకున్నాను. ఎత్తిన గ్లాసు దించకుండా మొత్తం తాగేశాను. నా జన్మలో అంత చెడ్డది ఏదీ మింగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని అక్కడే ఆపుకున్నాను.

"బ్రహ్మాండంగా ఉందండీ. మీకు అలవాటు లేదంతే" అన్నాను.

"ఏమిటీ?" అన్నాడు డైరెక్టర్.

"ఈయన మీ కింద పద్నాలుగేళ్ళు చేశారు. మీ కుక్కకు కడుపునొప్పి వస్తే ఆఫీసు మానేసి మోసుకెళ్ళారు. మీ ఇంట్లో మీరు తిన్న కిమ్చీ ఉంది చూశారూ, దాంట్లో ఉప్పు నేను పట్టించిందే. బాగుండేదా?"

"దహే అమ్మా!" అన్నాడు మా ఆయన.

"అడుగుతున్నానంతే. తిన్నవాళ్ళు చెప్పాలి కదా."

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. కూతురు ఎదురుచూస్తోందని లేచాడు. మా ఆయన డైరెక్టర్ వెనకాల వంగి, "ఏదో ఆడది సార్, తెలియక సార్" అంటున్నాడు. ఆ మాట విని, ఇంకో గ్లాసు మిగిలుంటే ఆయన నెత్తిన పోసేదాన్ని.

వాళ్ళిద్దరూ గుమ్మానికి ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగా చెప్పుల బీరువాలో ఢాం అని పేలింది. వెంటనే ఇంకోటి. బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. నల్లటి నురగ బుసబుసలాడుతూ అరల మీంచి దిగి గుమ్మంలోకి పారింది. అదృష్టం, గాజు పెంకులు తలుపు లోపలే ఆగిపోయాయి. డైరెక్టర్ బూట్లు రెండూ నిండా పొంగి, పాయసం గిన్నెల్లా అంచుల మీంచి కారుతున్నాయి.

"ఇదేమిటయ్యా, బాంబులా?" అని కేకపెట్టి సా డైరెక్టర్ గోడకు అతుక్కుపోయాడు. ఇంతసేపట్లో ఆయన మొదటిసారి మనిషిలా కనిపించాడు.

డైరెక్టర్, మా ఆయన కొండలెక్కేటప్పుడు వేసుకునే పాత బూట్లు తొడుక్కుని వెళ్ళాడు. అవి ఆయనకు వదులు. లిఫ్టు దాకా టపటపమంటూ నడిచాడు. తలుపు వేసుకుని లోపలికి వచ్చాక మా ఆయన అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"సార్ కాళ్ళు చల్లబడతాయేమో."

నేను చీపురు ఆయన చేతిలో పెట్టి వెళ్ళి పడుకున్నాను.

బీరువాలో ఇంకా పేలనివి ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్ళడానికి ఆయనకు ధైర్యం లేదు, నాకు అవసరం లేదు. మర్నాడు పొద్దున నేనే ఉన్‌సల్‌కి ఫోన్ చేశాను. గొడుగు ఇవ్వడానికి వెళ్ళిన రోజున నంబరు తీసుకున్నాను. ఆ పిల్ల దుప్పటిలాంటి కోటు వేసుకుని, కళ్ళకు మంచు మీద జారేవాళ్ళ అద్దాలు పెట్టుకుని, చేతులకు లావుపాటి తొడుగులతో వచ్చింది. సీసాలను తడి తువ్వాళ్ళలో చుట్టి బాల్కనీలో చల్లబరిచి, ఒక్కొక్కటే మూత కాస్త కాస్త వదులు చేసింది. బుస్సుమన్న ప్రతిసారీ మా ఆయన సోఫాలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"పిన్నీ, ఏ పాత్రలో కాచారు?" అంది పని అయ్యాక.

చూపించాను. మూతి వెడల్పు జేనతో కొలిచి నవ్వింది.

"అదీ సంగతి. ఆవిరి మూతిని బట్టి, మంటని బట్టి పోతుంది పిన్నీ. మీరు నాలుగో వంతు కాస్తున్నారని దానికేం తెలుసు? పెద్ద పాత్రలో ఇరవై నాలుగులో నాలుగు పోతే తెలియదు. ఇక్కడ ఆరులో మూడు పోతాయి. ముందే ఎక్కువ నీళ్ళు పెట్టుకోవాలి, లేదా చివర్లో పోసి సరిచెయ్యాలి."

"చెంబుడు నీళ్ళు పోస్తానన్నాను" అన్నాను, సోఫాకు వినపడేలా.

"మరి ఈస్ట్ ఎంత వేశారు?"

"కత్తితో నాలుగు కుప్పలు చేశారు."

ఉన్‌సల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంత చిక్కటి దానికి ఆ చిటికెడా? పైగా బాల్కనీలో పెట్టారు. పెద్ద డబ్బా అయితే తన వేడికి తానే వెచ్చగా ఉంటుంది. చిన్న జాడీ ఇట్టే చల్లబడిపోతుంది. ఈస్ట్ పని అవ్వలేదు పిన్నీ, చలికి ముడుచుకుని పడుకుంది. మీరు చక్కెర పెట్టి, వెచ్చటి బీరువాలో పెట్టి లేపారు. లేచి ఊరుకుంటుందా?"

సోఫాలో పేపరు కదల్లేదు. తలకిందులుగా ఉన్న సంగతి మాత్రం కనిపిస్తోంది.

"మెంగ్ గారూ, సిగ్గుపడకండి. నేను మొదటిసారి ఇంట్లో కాచినప్పుడు ఇంకా చెత్తగా వచ్చింది. సింకులో పోస్తే సింకు కూడా వద్దంది" అంది ఉన్‌సల్.

"నేను చదువుకుంటున్నాను" అన్నాడు పేపరు వెనక నుంచి.

ఆ పిల్ల వెళ్ళాక మూడు రోజులు ఆయన వంటింటి వైపే రాలేదు. నాలుగో రోజు వంటింట్లోకి వచ్చి, నా పాత్ర మూతి టేపుతో కొలిచి, "నీకు తెలియదు గానీ దహే అమ్మా, ఆవిరి అనేది విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది" అన్నాడు. ఎవరో చెప్పగా వినలేదు, తానే కనిపెట్టాడు, కనిపెట్టి నాకు దానం చేస్తున్నాడు.

"అబ్బో" అన్నాను.

మళ్ళీ కాచాడు. ముందు ఉత్త నీళ్ళు పోసి గంటసేపు మరగబెట్టి, ఎన్ని పోయాయో చూసుకుని, ఆ లెక్కన మొదటే ఎక్కువ పోశాడు. మంట తగ్గించాడు. ఈస్ట్ పొట్లం మొత్తం వేశాడు, వేసేటప్పుడు అటు తిరిగి నిలబడ్డాడు, నేను చూడకూడదని. జాడీకి నా పాత శాలువా చుట్టి గదిలోనే పెట్టాడు. సీసాల్లో పోసే ముందు ఎంత దిగిందో కొలిచి, దానికి తగ్గ పంచదార వేశాడు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు.

చాంద్రమాన కొత్త సంవత్సరం పండుగకు ముందు ఒక సీసా తీసి నాకు గ్లాసులో పోశాడు. నురగ మర్యాదగా నిలబడింది. తాగాను. కాల్చిన చెస్ట్‌నట్ వాసన వేసింది. చేదు ఉండాల్సినంతే ఉంది. బాగుంది, వర్క్‌షాపులో కాచినదానికి ఏమీ తీసిపోలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు. పిల్లాడిలా మొహం ముందుకు పెట్టాడు.

"పరవాలేదు" అన్నాను. అంతకు మించి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

ఆయనకు అదే చాలింది. రెండు సీసాలు సంచిలో పెట్టుకుని వర్క్‌షాపుకు వెళ్ళాడు. పియానో టీచరు వెళ్ళిపోయి జట్టులో ఒక చోటు ఖాళీగా ఉందట. తిరిగొచ్చి, "నన్ను మళ్ళీ రమ్మని బతిమాలారు" అన్నాడు. పాత్రలు కడిగే పని ఇచ్చామని ఉన్‌సల్ నాకు ముందే ఫోన్‌లో చెప్పింది. శనివారాలు మళ్ళీ నాకు దక్కాయి.

పండుగనాడు పొద్దున, పెద్దలకు నైవేద్యం పెట్టిన బల్ల ఇంకా తియ్యకముందే, ఆయన ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళక్కకేమో అనుకున్నాను. గొంతు విని తలెత్తాను.

"సార్, నేను మెంగ్‌ని సార్. కొత్త సంవత్సర శుభాకాంక్షలు సార్... మెంగ్ సార్... అవును సార్, బూట్లు సార్. అవును సార్, ఆ మెంగ్‌నే." అంటూ ఎవరూ లేని కిటికీకి నడుం వంచి నిలబడ్డాడు. అటువైపు ఫోన్ పెట్టేసిన చప్పుడు నాకు కూడా వినిపించింది. ఆయన ఇంకా కాసేపు అలాగే వంగి ఉండి, "అలాగే సార్, ఆరోగ్యం జాగ్రత్త సార్" అన్నాడు.

నేను అన్నం గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. చారు వేడిచెయ్యలేదు. ఆ పూట చల్లటిదే పెట్టాను.